చేతికి తేలికైన తుపాకి భుజానికి ఎందుకు బరువవుతుంది?

యాసంగి వేరుశనగ ఊడలు దిగే రోజుల్లో అచ్చంపేట దగ్గరి మా బావమరిది ఫోను చేశాడు. అతను అటవీశాఖ జాబితాలో ఉన్న షూటర్. అడవి పందులు పంటల మీద పడినప్పుడు, రాతపూర్వకమైన అనుమతి వచ్చాక పిలిచే కొద్దిమందిలో ఒకడు. తండ్రి నుంచి వచ్చిన .315 బోర్ (గొట్టం లోపలి కొలత) రైఫిల్ అతని దగ్గర ఉంది. ఇప్పుడు హైదరాబాదులో ఒక పెద్దాయన తన పాత యూరప్ రైఫిల్ అమ్మకానికి పెట్టారట. బోల్ట్ యాక్షన్, అంటే ఒక్కో తూటాకు చేత్తో బోల్టు లాగి మూసే రకం, .30-06 బోర్. "చేతిలోకి తీసుకుంటే ఉన్నట్టే లేదు బావా. తూకం వేస్తే రెండు కిలోల ఎనిమిది వందల గ్రాములు. నాన్న తుపాకి మూడున్నర కిలోలు. తీసుకోనా?" అని అడిగాడు. ధర చెప్పాడు. ఆ డబ్బుకు నడుస్తున్న పాత ట్రాక్టరు వస్తుంది.

ఏడు వందల గ్రాములు తగ్గినందుకు అంత డబ్బు పెట్టవచ్చా? చిన్న ప్రశ్నలాగే కనిపిస్తుంది. కానీ దీనికి జవాబు చెప్పాలంటే చట్టం, భౌతికశాస్త్రం, మన నేల, మన ఎండ అన్నీ మధ్యలోకి వస్తాయి. అందుకే ఫోనులో ఏమీ తేల్చలేదు.

ముందు చట్టం సంగతి. వేట తుపాకి అన్న మాట వినగానే మన వైపు పాత కథలు గుర్తొస్తాయి. నల్లమలలో ఫరహాబాద్ గుట్ట మీద నిజాం వేట బంగళా ఉండేది. ఆ కాలానికి 1972 నాటి చట్టం కళ్ళెం వేసింది, 1991 సవరణతో అది పూర్తిగా ముగిసింది. వన్యప్రాణి సంరక్షణ చట్టంలోని 9వ సెక్షను వేటను నిషేధించింది. సరదాకు వేటాడే హక్కు ఈ దేశంలో ఎవరికీ లేదు. మా బావమరిది పనికి ఆధారం 11వ సెక్షను. మనిషి ప్రాణానికి గాని, నిలబడి ఉన్న పంటతో సహా ఆస్తికి గాని ఒక జంతువు ప్రమాదకరంగా మారిందని అధికారి నమ్మితే, కారణాలు రాసి ఉత్తర్వు ఇవ్వవచ్చు. 2022 సవరణ తర్వాత అడవి పంది రెండో షెడ్యూలులో ఉంది కాబట్టి ఈ వెసులుబాటు దానికి వర్తిస్తుంది. నారాయణపేట వైపు కృష్ణా తీరంలో చేలను మేసే కృష్ణజింకలు మొదటి షెడ్యూలులో ఉన్నాయి. పంట పోయిందన్న కారణంతో వాటిని చంపడానికి ఈ దారి లేదు. అమ్రాబాద్ పులుల అభయారణ్యం హద్దు దాటి అడుగు పెడితే షూటర్ కూడా నేరస్థుడే. పడిన పందిని అధికారుల ఎదుట పూడ్చాలి, మాంసం ముట్టకూడదు. మా బావమరిది చేసేది వేట కాదనీ, ఒక విధి అనీ నేను గట్టిగా నమ్ముతాను. తుపాకి ఎంపికలో సగం ఆ నమ్మకం నుంచే తేలుతుంది.

ఆయుధాల చట్టంలో ఇంకొక విషయం ఉంది. 1959 నాటి ఆ చట్టం 13వ సెక్షను పంట రక్షణకు ప్రత్యేకంగా పేర్కొన్నది రైఫిల్‌ను కాదు. మూతి వైపు నుంచి మందు కూరే తుపాకిని, అది చాలకపోతే గాడులు లేని నున్నటి గొట్టం తుపాకిని. అంటే చేను కాపాడుకోవాలనుకునే సామాన్య రైతు కోసం చట్టం ఊహించిన ఆయుధం బోల్ట్ యాక్షన్ రైఫిల్ కాదు. రైఫిల్ లైసెన్సు కావాలంటే అవసరం ఏమిటో అధికారికి నచ్చజెప్పాలి. 2019 సవరణ ఒక్కొక్కరి దగ్గర ఉండగల తుపాకుల సంఖ్యను మూడు నుంచి రెండుకు తగ్గించింది, లైసెన్సు కాలాన్ని మూడేళ్ళ నుంచి అయిదేళ్ళకు పెంచింది. రెండే చోట్లు ఉన్నప్పుడు ఒక చోటును తొందరపడి నింపడం కూడా ఖర్చే. ఆ ఖర్చు బిల్లులో కనిపించదు.

ఇక తూటాల సంగతి. మన దేశంలో .315 బోర్ ఎందుకు ఇంత సాధారణమైందో తెలిస్తే మిగిలిన లెక్క అర్థమవుతుంది. బ్రిటిష్ కాలంలో సైన్యం వాడే .303 తూటా పౌరుల చేతికి వెళ్ళకూడదని ఆంక్షలు వచ్చాయి. దొంగిలించిన సైనిక తూటాలు బయటి తుపాకుల్లో పట్టకూడదన్నది ఉద్దేశం. దానితో తుపాకి కంపెనీలు వేరే కొలతల తూటాలు తెచ్చాయి. పాత ఆస్ట్రియా 8 మిల్లీమీటర్ల తూటా నుంచి పుట్టిన .315 వాటిలో ఒకటి. స్వతంత్రం వచ్చాక మన ఆయుధ కర్మాగారాలు లీ-ఎన్‌ఫీల్డ్ తరహాలో ఆ బోరు రైఫిల్‌ను తయారుచేస్తూ వచ్చాయి. .303, 7.62 మిల్లీమీటర్ల వంటి సైనిక తూటాలు పట్టే తుపాకులు నేటికీ నిషిద్ధ బోర్ల కింద ఉన్నాయి. .30-06 నిషిద్ధం కాదు. అమెరికా సైన్యం 1906లో తీసుకున్నది కాబట్టి దానికి ఆ పేరు వచ్చింది. ఇషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీ కూడా ఆ బోరులో ఒక రైఫిల్ చేసింది. అయితే ఊళ్ళో తూటాలు అమ్మే దుకాణంలో .315 దొరికినంత నమ్మకంగా .30-06 దొరకదు. తూటా లేని రైఫిల్ ఇనుప కడ్డీతో సమానం. ఏ రకం తుపాకి కొనాలని నన్ను ఎవరు అడిగినా మొదట అడిగేది ఇదే: తూటాలు ఎక్కడ కొంటారు, నిరుడు అక్కడ ఎన్ని నెలలు దొరికాయి?

ఇప్పుడు బరువు దగ్గరికి వద్దాం.

తేలికైన బోల్ట్ యాక్షన్ రైఫిల్ అన్నది కొండల కోసం పుట్టిన ఆలోచన. ఆల్ప్స్‌లోనో, రాకీ పర్వతాల్లోనో ఒక కొండగొర్రె కోసం మనిషి పగలంతా పైకి ఎక్కుతాడు, తుపాకి పేల్చేది ఒక్కసారి. అక్కడ ప్రతి వంద గ్రాములూ మోకాళ్ళకు తెలుస్తుంది. వించెస్టర్ కంపెనీ తన మోడల్ 70లో ఫెదర్‌వెయిట్ రకాన్ని 1952లో తెచ్చింది. నేడు ఫిన్లాండ్ టిక్కా కంపెనీ టీ3ఎక్స్ లైట్ మూడు కిలోల లోపే ఉంటుంది. అమెరికా కింబర్ కంపెనీ పర్వతాల కోసం చేసిన రకం రెండున్నర కిలోలు కూడా ఉండదు. మన షూటర్ చేసే పని వేరు. సాయంత్రం జీపులో చేను గట్టు దాకా వెళ్తాడు. అక్కడి నుంచి మంచె దాకా నాలుగు వందల అడుగులు. మంచె మీద అయిదారు గంటలు కూర్చుంటాడు. ఏడు వందల గ్రాములను అతను మోసేది మహా అయితే పావుగంట.

పేలినప్పుడు మాత్రం ఆ ఏడు వందల గ్రాములు అతనికి తెలుస్తాయి. తూటా ముందుకు ఎంత ఊపుతో వెళ్తుందో తుపాకి వెనక్కి అంత ఊపుతోనే వస్తుంది. న్యూటన్ మూడో సూత్రం బడిలో చదివిందే. ఊపు మారదు కాబట్టి తుపాకి బరువు తగ్గితే వేగం పెరుగుతుంది. శక్తి వేగం వర్గాన్ని బట్టి ఉంటుంది కాబట్టి భుజానికి తగిలే దెబ్బ బరువుకు విలోమంగా పెరుగుతుంది. లెక్క వేసి చూద్దాం. .30-06లో 10.7 గ్రాముల బుల్లెట్ సెకనుకు సుమారు 850 మీటర్ల వేగంతో వెళ్తుందనుకుందాం. వెనకే మూడున్నర గ్రాముల మందు వాయువై ఇంకా వేగంగా బయటపడుతుంది. రెండూ కలిపితే ఊపు సెకనుకు దాదాపు 13.5 కిలోగ్రాము మీటర్లు. ఇదే బోరులో నాలుగు కిలోల బరువైన తుపాకి ఉంటే, అది ఈ దెబ్బను 23 జౌళ్ళుగా భుజానికి అందిస్తుంది. 2.8 కిలోల తుపాకి అందించేది 32 జౌళ్ళకు పైనే. బరువు 30 శాతం తగ్గితే దెబ్బ 43 శాతం పెరిగింది. పోల్చి చెప్పాలంటే, కిలో రాయి రెండు మీటర్ల పైచిలుకు ఎత్తు నుంచి పడటానికీ, మూడు మీటర్ల పైచిలుకు నుంచి పడటానికీ ఉన్నంత తేడా.

ఒక దెబ్బ ఎవరైనా ఓర్చుకుంటారు. చిక్కు తరువాత వస్తుంది. దెబ్బ తిన్న భుజం దాన్ని మరచిపోదు. మరుసటిసారి మీట (ట్రిగ్గరు) నొక్కే ముందే కళ్ళు మూసుకుంటాయి, భుజం ముందుకు కదులుతుంది. మనకు తెలియకుండానే జరిగిపోతుంది. బుల్లెట్ నాలుగంగుళాలు పక్కకు పోతుంది. కాగితం మీద అది నాలుగంగుళాలే. పంది మీదైతే గాయపడి చెరువు తుమ్మల్లోకి పారిపోయిన జంతువు, దాన్ని వెతుక్కుంటూ చీకట్లో నడిచే నలుగురు మనుషులు. గాయపడిన మగపంది ఎంత ప్రమాదమో నల్లమల అంచు పల్లెల్లో ఎవరినడిగినా చెబుతారు. అందుకే భుజానికి తగిలే దెబ్బను సుఖం కింద కాదు, భద్రత కింద లెక్క కట్టాలంటాను.

దీనికి తోడు మీట ఒకటుంది. దీని గురించి ఎక్కువమంది ఆలోచించరు. పాత .315 రైఫిళ్ళలో మీట బిరుసుగా ఉంటుంది. నొక్కడానికి కావలసిన బలం తుపాకి బరువుకు దగ్గరగా వస్తే వేలు మీటను కాక తుపాకినే లాగడం మొదలుపెడుతుంది. బరువైన తుపాకి ఆ లాగుడును కొంత మింగుతుంది, తేలికైనది మింగదు. గుండె కొట్టుకోవడం, ఊపిరి ఆడటం కూడా తేలికైన గొట్టం చివర పెద్ద ఊగిసలాటగా కనిపిస్తాయి. కాబట్టి తేలికైన రైఫిల్ కొనేవారు దాని మీట కిలో నుంచి కిలోన్నర బలానికి, మధ్యలో జారుడు లేకుండా, ఒక్కసారిగా విడుదలవుతుందో లేదో చూడాలి. బాగుచేయించాలంటే లైసెన్సున్న మెకానిక్కే చేయాలి. ఇంట్లో ఆకురాయితో రుద్దిన మీట ఒకనాడు సేఫ్టీ తీయగానే తనంతట తాను పేలుతుంది.

గ్రాములు ఎక్కడ తగ్గించారన్నది కూడా చూడాలి. బోల్టు ఉండే యాక్షన్ భాగంలో ఉక్కుకు బదులు టైటానియం వాడితే అదే పరిమాణానికి నలభై శాతం బరువు తగ్గుతుంది, ధర మాత్రం పెరుగుతుంది. గొట్టాన్ని మోస్తూ భుజానికి ఆనే చెక్క దిమ్మెకు బదులు కార్బన్ నారతో చేసినది వాడితే తగ్గుదలతో పాటు ఒక మేలు కూడా ఉంది. దాని సంగతి కింద చెబుతాను. అన్నిటికంటే చవకైన దారి గొట్టాన్ని సన్నం చేయడం, పొట్టి చేయడం. ఇక్కడే జాగ్రత్త కావాలి. సన్నటి గొట్టం తొందరగా వేడెక్కుతుంది, మూడు నాలుగు తూటాల తర్వాత గురి మెల్లగా జరగడం మొదలవుతుంది. పొట్టి గొట్టం కొంత వేగం పోగొట్టుకుంటుంది. చేను గట్టు దూరానికి అది లెక్కలోకి రాదు గాని, మూతి దగ్గర మంట, మోత పెరుగుతాయి. రాత్రి పనిలో ఆ మంట కళ్ళను ఒక నిమిషం పాటు గుడ్డివి చేస్తుంది. రెండో తూటా అవసరమైన క్షణంలో ఆ నిమిషం ఎక్కడి నుంచి తెచ్చుకుంటాం?

మన వాతావరణం తుపాకిని ఎలా పరీక్షిస్తుందో విదేశీ కంపెనీల పట్టికల్లో ఉండదు. నల్లగొండలో మే నెల ఎండ 44, 45 డిగ్రీలకు వెళ్తుంది. మూసిన జీపులో పెట్టిన తూటా అంతకంటే వేడెక్కుతుంది. మందు వేడెక్కితే తుపాకి తూటాగదిలో ఒత్తిడి పెరుగుతుంది, వేగం మారుతుంది, చలికాలంలో సరిచూసుకున్న గురి వేసవిలో అక్కడే ఉండదు. ఇక వానాకాలం. చెక్క దిమ్మె తేమ పీల్చి ఉబ్బుతుంది, ఉబ్బి గొట్టాన్ని ఒక పక్క నుంచి నెడుతుంది. బరువైన గొట్టం దాన్ని కొంత తట్టుకుంటుంది, సన్నటిది వంగుతుంది. ఇందాక చెప్పిన కార్బన్ దిమ్మె మేలు ఇదే, అది తేమ పీల్చదు. చెక్క దిమ్మె ఉన్నవారు ఒక చిన్న పరీక్ష చేసుకోవచ్చు. తుపాకి ఖాళీ అని రెండుసార్లు చూసుకున్నాక, గొట్టానికీ దిమ్మెకూ మధ్య ఒక కాగితం ముక్కను జొనిపి వెనక్కి జరపాలి. గొట్టం ఎక్కడా తాకకుండా బిగించిన తుపాకి అయితే కాగితం తూటాగది దాకా సాఫీగా వెళ్తుంది. మధ్యలో పట్టేస్తే పని ఉన్నట్టే. పాత .315 రైఫిళ్ళలో ముందు భాగం కావాలనే గొట్టానికి ఆనేలా బిగించి ఉంటుంది, వాటికి ఈ పరీక్ష పనికిరాదు.

బోల్టు సంగతి క్లుప్తంగా చెబుతాను. 1898 నాటి మౌజర్ పద్ధతిలో పెద్ద కొక్కెం తూటాను మ్యాగజైన్ నుంచి బయటికి వస్తూనే పట్టుకుంటుంది, తుపాకిని ఏ కోణంలో పట్టుకున్నా వదలదు. తరువాతి రకాలు తూటాను ముందుకు నెట్టి, బోల్టు మూసినప్పుడు మాత్రమే పట్టుకుంటాయి. మంచె మీద ఏదైనా సరిపోతుంది. లీ-ఎన్‌ఫీల్డ్ తరహాలో బోల్టు వెనక భాగంలో బిగుసుకుంటుంది, కదలిక పొట్టిగా, వేగంగా ఉంటుంది. దాని బలానికి తగిన ఒత్తిడి ఉన్న తూటానే వాడాలి. కొనేటప్పుడు బోల్టు మీది అంకె, గొట్టం మీది అంకె, లైసెన్సు మీది అంకె మూడూ ఒక్కటేనా అని చూడటం మరవకూడదు. వేరే తుపాకి బోల్టు పెట్టి ఉంటే తూటా గదిలో సరిగ్గా కూర్చోదు, అది ముఖం మీదికి వచ్చే ప్రమాదం.

ఇంతకన్నా నన్ను ఎక్కువ కలవరపెట్టే విషయం మన బండలు. దేవరకొండ నుంచి అచ్చంపేట దాకా ఏ గుట్ట చూసినా గ్రానైటే. .30-06 బుల్లెట్ అడ్డు లేకపోతే మూడు కిలోమీటర్లకు పైగా పోగలదు. బండకు తగిలి ఎగిరితే ఎటు పోతుందో ఎవరూ చెప్పలేరు. మన చేలలో ప్రతి కిలోమీటరుకూ ఒక గుడిసె, ఒక మోటారు కొట్టం, నీళ్ళు పెట్టడానికి వెళ్ళిన ఒక మనిషి. అందుకే మంచె గొప్ప సాధనం. మన పెద్దలు పిట్టలను తోలడానికి కట్టిన మంచె నుంచి తుపాకి ఎప్పుడూ కిందికే చూస్తుంది, బుల్లెట్ ఎర్ర చెలకలోనో నల్లరేగడిలోనో ఆగిపోతుంది. గట్టు మీద నేలబారున కూర్చుని పేల్చినవాడికి ఆ రక్షణ లేదు. అదే కారణంతో రాగి తొడుగు పూర్తిగా కప్పిన బుల్లెట్ ఈ పనికి వద్దు. అది జంతువును చీల్చుకుని అవతలికి పోతుంది. ముందు భాగంలో సీసం కనిపించే రకం లోపలే విచ్చుకుంటుంది. నలభై నుంచి ఎనభై మీటర్ల దూరంలో బరువైన, నిదానమైన .315 బుల్లెట్ కూడా ఈ పనిని .30-06 చేసినంత బాగానే చేస్తుంది. మూడు వందల మీటర్లలో .30-06 చూపే ప్రతాపం చేను గట్టున అవసరం లేదు.

ఇక విలువ. పాత విదేశీ రైఫిల్‌కు హైదరాబాదులో పలికే ధర దాని పనితనం ధర కాదు, కొరత ధర. 1980ల నుంచి సామాన్య లైసెన్సుదారులకు విదేశీ తుపాకుల దిగుమతి మూసుకుపోయింది. పేరున్న క్రీడాకారులకు తప్ప దారి లేదు. అంతకుముందు దేశంలోకి వచ్చినవే చేతులు మారుతున్నాయి. నలభై ఏళ్ళుగా సరుకు పెరగలేదు, అడిగేవారు పెరిగారు. కొనేవాడు యూరప్ ఉక్కుకు చెల్లిస్తున్నానని అనుకుంటాడు, నిజానికి మూసిన తలుపుకు చెల్లిస్తున్నాడు. తిరిగి అమ్మినా డబ్బు పోదని కొందరంటారు. అమ్మాలంటే ఆ బోరుకు లైసెన్సున్న మనిషే దొరకాలి, అధికారులకు తెలియజేసి గడువు దాకా ఆగాలి. బంగారంలా మరునాడే డబ్బయ్యే వస్తువు కాదు.

గొట్టం అరుగుదల గురించి చాలామంది భయపడతారు గాని, అది ఇక్కడ అనవసరం. ఈ తరగతి గొట్టం కొన్ని వేల తూటాలు తట్టుకుంటుంది. సంవత్సరానికి యాభై పేల్చేవాడికి ఒక జీవితం సరిపోదు. మన తుపాకులను చంపేది తుప్పు. ఎన్నికల కోడ్ రాగానే తుపాకులు పోలీస్ స్టేషన్‌లో అప్పగించాలి. 2023 నవంబరులో శాసనసభ ఎన్నికలు, ఆరు నెలలకే 2024 మేలో లోక్‌సభ ఎన్నికలు వచ్చాయి. నూనె పూయకుండా అప్పగించిన తుపాకి గొట్టంలో ఎర్రటి పొడి చేరుతుంది. కాబట్టి పాత తుపాకి కొనేటప్పుడు పైమెరుగు చూసి మురిసిపోవద్దు. బోల్టు తీసి, వెలుతురు వైపు పట్టి, గొట్టం లోపలి గాడులను చూడాలి. గాడుల అంచులు పదునుగా, గోడలు గుంటలు లేకుండా అద్దంలా ఉండాలి.

రెండు వారాల తర్వాత ఆ పెద్దాయన అనుమతి ఉన్న షూటింగ్ రేంజ్‌లో తన రైఫిల్ తానే పేల్చి చూపించారు. లైసెన్సు ఆయన పేరున ఉంది కాబట్టి మేము చూస్తూ కూర్చున్నాం. మొదటి మూడు తూటాలు కాగితం మీద ఒక నిమ్మకాయంత చోటులో పడ్డాయి. అయిదో తూటాకు గురి అరచేయంత పైకి జరిగింది. పెద్దాయన భుజం తడుముకుంటూ "ఈ వయసులో ఇక చాలు నాయనా" అన్నారు. మా బావమరిది గొట్టం లోపల టార్చి వేసి చాలాసేపు చూశాడు. తుపాకి మంచిదే, ఎక్కడా గుంట లేదు. నమస్కారం పెట్టి వచ్చేశాం.

అనుకున్న డబ్బులో చిన్న భాగంతో తండ్రి .315కు మీట సరిచేయించాడు, దిమ్మె వెనక రబ్బరు దిండు వేయించాడు, వానకు ముందు చెక్కకు అవిసె నూనె పట్టించాడు. మిగిలినదానిలో కొంత పెట్టి ముగ్గురు రైతులతో కలిసి రెండు చేల మధ్య ఇనుప మంచె కట్టించాడు. దాని ఎత్తు పన్నెండు అడుగులు. చుట్టుపక్కల గుడిసెలు, మోటారు కొట్టాలు ఏ దిక్కున ఉన్నాయో మంచె కమ్ముల మీద తెల్ల రంగుతో గీతలు గీసి పెట్టాడు, చీకట్లో తుపాకి ఆ గీతల వైపు తిరగకుండా.